మొదటి వాక్యంలో మంచు

కామిసావా
అక్టోబరు మొదటివారం

చి. సాయోకోకు మావయ్య తొకుజి ఆశీస్సులు.

గడ్డిమీద మంచు చల్లబడుతున్న ఈ రోజుల్లో నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. మేనకోడలు వాతావరణ ఆఫీసులో చేరిందని ఈనా లోయంతా చాటాను. ఇక అసలు సంగతి. పెర్సిమన్ పళ్ళు రంగు తిరిగాయి. చెక్కు తీసి అటకమీద దారాలకు వేలాడదీసి ఎండబెట్టాలి. చలి తగిలితే తేనె, ఉక్కపోస్తే బూజు. మాకు ఏడాది తిండి అదే. చలెప్పుడో నువ్వే చెప్పాలి.

ఇట్లు,
తొకుజి

తా.క. కాగితం మీద మరకలు సిరావి కావు, చెమటవి.

*

పూజ్యులైన మావయ్యకు సాయోకో నమస్కారాలు.

తొలిమంచు పొలాలను తెల్లగా కప్పుతున్న ఈ వేళ మీరూ అత్తయ్యా క్షేమమని తలుస్తాను. మన ప్రాంతానికి ఈసారి వాతావరణ అంచనా నేనే రాశాను, నా మొదటిది. శరత్తు మామూలుకంటే బాగా వెచ్చగా మొదలవుతుంది. నెలాఖరుదాకా చలి ఊసే లేదు. అప్పటిదాకా దయచేసి కత్తి పట్టకండి.

మీ సాయోకో

తా.క. అక్టోబరు వచ్చాక ఆఫీసులో ఏసీ వేయకూడదట. మా ఆఫీసరు ఒనుకిగారు బకెట్లో కాళ్ళు పెట్టుకుని నా అంచనామీద సంతకం చేశారు.

*

చి. సాయోకోకు ఆశీస్సులు.

కొండమీద ఆకులు ఎర్రబడుతున్న ఈ రోజుల్లో నీ ఉత్తరం అందింది. నీ తెలివికి మురిసిపోయాను. కింద రాసిందంతా ఆఫీసు లోకానికి చెప్పే మాట. మొదటి వాక్యం మాత్రం మావయ్య చెవిలో వేసిన మాట, అంతేనా? మేమంటే రైతులం, చెమటలు కక్కుతూ కూడా అలవాటుకొద్దీ మంచు అని రాస్తాం. వాతావరణ ఆఫీసు పిల్ల లేని మంచు ఎందుకు రాస్తుంది? పళ్ళన్నీ చెక్కు తీసి వేలాడదీశాను. ఊరంతా ఉన్నికోట్లు బయటికి తీశారు.

ఇట్లు,
తొకుజి

తా.క. హెడ్మాస్టరుగారు కోటుతో సొమ్మసిల్లారు. తెలివి రాగానే నిన్నే మెచ్చుకున్నారు.

*

మావయ్యా,

ఆ మంచు పుస్తకంలోది. ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకంలో ఈ నెల పేజీ చూసి దించేశాను. రుతువు మాటతో మొదలుపెట్టకపోతే పెంపకం బాగోలేదంటారని భయం. చలి లేదు, ఇప్పట్లో రాదు. దొరికిన ఫ్యాన్లన్నీ అటకమీద పెట్టించండి. పళ్ళు పాడైతే మీకు మొహం చూపించలేను.

సాయోకో

తా.క. తొందరలో ఇందులో రుతువు మాట రాయలేదు. క్షమించండి.

*

చి. సాయోకోకు ఆశీస్సులు.

ఫ్యాను గాలికి కాగితం ఎగిరిపోతున్న ఈ శరత్తులో నువ్వు క్షేమమని తలుస్తాను.

రుతువు మాట లేని ఉత్తరం వచ్చేది చావు కబురుకే కదా. నీ ఉత్తరం విప్పి పైన ఖాళీ చూశాను. మిగతాది చదవలేక మడిచి బుద్ధుడి ముందు పెట్టాను. పోయింది ఒనుకిగారేనని, బకెట్లో కాళ్ళు పెట్టుకునే స్థితికి వచ్చినాయన ఎన్నాళ్ళుంటాడని ఊరు తేల్చేసింది. మా ఇంట్లో అందరూ పట్టే చోటు అటకొక్కటే. గుడి పూజారిగారు మంత్రాలు మొదలుపెట్టారు. ఉక్కకు తాళలేక ఎవరి ఫ్యాను వాళ్ళు మోసుకొచ్చారు. రెండు మూడు రోజులు పళ్ళ దండల కింద కూర్చుని ఒనుకిగారికోసం ఏడ్చాం. ఆయన్ని ఎవరూ చూడలేదు, అయినా చాలా మంచివారని అందరూ ఒప్పుకున్నారు.

నిన్న అత్తయ్య ధైర్యం చేసి ఉత్తరం చివరిదాకా చదివింది. "ఎవరూ పోలేదు. ఏడుపాపి ఒకసారి పైకి చూడండి," అంది. చూశాం. ఒక్క పండుకూ బూజు లేదు. అప్పుడు మాత్రం నేను నిజంగా ఏడ్చాను తల్లీ.

ఇట్లు,
తొకుజి

తా.క. మొదటి బుట్ట ఒనుకిగారికి పంపుతున్నాం. అడుగున ఆయన కర్మకు కొన్న మిఠాయి ఉంది. కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. ఆయన పేరున కొన్నది ఆయనే తినడం న్యాయమని ఊరి అభిప్రాయం.