వాడిన గన్నేరు

లక్షుమ్మక్కా, నువ్వు కడపలో కన్నుమూసి నేటికి ఏడాది. నాకు రాయడం రాదు కాబట్టి పక్కింట్లో పనిచేసే పద్మ చేత ఇది రాయిస్తున్నాను.

ఇక్కడ ఒమన్‌లో, ఇబ్రిలో మనం పనిచేసిన ఇంటి వెనక, ఎండిన వాగు ఒడ్డున గులాబీ రంగు గన్నేరు పొద ఉండేది కదా. కొత్త తోటమాలి గోడమీదికి వాలిన దాని కొమ్మలు కొట్టి మేకల దొడ్డి పక్కన పడేశాడు. మూడో రోజుకు రెండు మేకలు చచ్చాయి.

"గన్నేరును మేక ముట్టదు గదప్పా!" అని అతణ్ణి నిలదీశాను.

"పచ్చిది చేదమ్మా, ముట్టవు. వాడితే తినేస్తాయి. విషం మాత్రం ఎండినా పోదు," అన్నాడు.

రోజూ ఆ పూలు రెమ్మలతో సహా కోసి శివుడి పటానికి పెట్టింది నేను. వాడినవి ఎవరూ తొక్కకూడదని దొడ్డి గోడ వెంట వేసింది నేను. నువ్వున్నప్పుడు మేకలు చస్తే, మేపేదానివి నువ్వే కాబట్టి తప్పు నీదేనని నిన్ను ఊరికి పంపేశారు. ఆ నిందతోనే పోయావు.

మేడమ్‌కు అంతా చెప్పాను.

"అయిపోయిందిలే, ఇప్పుడెందుకు?" అంది.

"నీకు అయిపాయ మేడమ్. నన్నూ పంపిచ్చెయ్, పోతా. ముందు మేకలు చచ్చింది లక్షుమ్మ వల్ల కాదని అందరి ముందరా చెప్పు."

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు మేడమ్ ఆ మాట చెప్పింది.

"లక్షుమ్మ ఎవరు?" అని అడిగింది చిన్నపిల్ల. నువ్వు చంక దించకుండా పెంచిన పిల్లే.