వేదిక మీద చదవని పేరా

నాచారం,
బుధవారం.

పాండురంగ అన్నకు నీరజ నమస్కారాలు.

నిన్న ఉదయం పదకొండున్నరకు, ఉప్పల్ ఆఫీసులో, ఇకపై ఎన్నికల్లో పోటీ చేయనని మీరు ప్రకటించారు. మొత్తం నాలుగు వాక్యాలు. ఎవరి మీదా ఆరోపణ లేదు. మెట్లు దిగుతుంటే ఒక టీవీ రిపోర్టర్ నాతో, "గీయన గిట్ల సప్పగ మాట్లాడితే మా చానల్ ఎట్ల నడవాలె అక్కా?" అన్నాడు.

మధ్యాహ్నం మా ఎడిటర్ సుధీంద్ర గారు పిలిచి ఆదివారానికి మీ మీద పూర్తి పేజీ రాయమన్నారు. రాయడం మొదలుపెట్టాను. పారిశ్రామికవాడలో మెకానిక్, యూనియన్ కార్యదర్శి, కార్పొరేటర్, రెండుసార్లు ఎమ్మెల్యే. సభలో ఒక్కసారి కూడా అరుస్తూ స్పీకర్ పోడియం వైపు వెళ్లలేదు. అర్జీ పెట్టిన ప్రతివాళ్లకూ, పని కాదని చెప్పాల్సి వచ్చినా సరే, సంతకం చేసిన ఉత్తరం పంపారు. ఇంతవరకు బాగానే సాగింది. రెండు గెలుపుల మధ్య ఉన్న ఓటమి దగ్గర ఆగిపోయాను. దానికి కారణం నా వార్త. ఆ వార్త అబద్ధం. ఈ సంగతి తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఫోన్లో చెబితే మీరు నవ్వి మాట మార్చేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. రంగుల కంపెనీ వాసన భరించలేక కాలనీల వాళ్లు దాన్ని మూయించమన్నారు. అందులో మూడు వందల మంది కార్మికులు. ఎన్నికలు ఆరు నెలల్లో ఉన్నాయి. మీ పార్టీ కూడా మూయించాలనే అంది. ఆ ఆదివారం సాయంత్రం ఐదింటికి కమ్యూనిటీ హాల్లో కాలనీ వాళ్లతో మీ సమావేశం. మా పేజీ ఆరింటికి మూసేస్తారు. నాలుగింటికే మీ పీఏ దయాకర్ ప్రసంగం కాగితం నా చేతిలో పెట్టి, "సారు ఇదే సదువుతడు అక్కా, ఒక్క ముక్క అటిటు కాదు" అన్నాడు. సమావేశాలు ఎప్పుడూ ఆలస్యమే. పేజీ మాత్రం ఆగదు. అందుకని కాగితం చూసి ముందే వార్త పంపేయడం మా వాళ్లందరికీ అలవాటు. నేనూ అదే చేశాను. మూడో పేరా హెడ్డింగ్ అయింది: "కంపెనీని మూయొద్దు. శుద్ధి యంత్రానికి ఆరు నెలల గడువిద్దాం. గాలి పీల్చేదీ మనవాళ్లే, జీతం పోయేదీ మనవాళ్లకే."

సమావేశం ఏడింటికి మొదలైంది. మీరు రెండు పేరాలు చదివారు. కాలనీల సంఘం అధ్యక్షుడు రామ్మోహనరావు గారు లేచి, "ఈ చదువుడంతా ఎందుకండీ, మూయిస్తారా లేదా, ఒక్క ముక్క చెప్పండి" అన్నారు. హాలంతా కేకలు. మీరు మూడో పేరా చదవలేదు. "మీ బాధ నా బాధ" అని కూర్చున్నారు.

ప్రింటింగ్ ఇంకా మొదలుకాలేదు. డెస్కుకు ఫోన్ చేస్తే వార్త మార్చేవారే. కానీ జరగని ప్రసంగాన్ని రాసి పంపానని ఒప్పుకోవాలి. ఉద్యోగం పర్మనెంటై రెండు నెలలు కాలేదు. ఫోన్ చేయలేదు.

తెల్లవారాక మీ గేటు ముందు నలభై మంది. నేనూ వెళ్లాను. రామ్మోహనరావు గారు పేపరు ఊపుతూ, "రాత్రి మా ముందు ఈ మాట అనలేదే! మరి ఇదెలా వచ్చింది?" అన్నారు. ఖండన ఇస్తారనుకున్నాను. మీరు, "మీ ముందల అననీకి మీరు టైం ఇయ్యలే సార్. పేపరోళ్లకు జెప్పిన. గా మాట నాదే" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "చాయ్ తాగినవా చెల్లె?" అని అడిగారు.

ఆ తర్వాత ఆరు నెలలూ మిమ్మల్ని రెండు నాలుకల మనిషి అన్నారు. పదకొండు వందల నలభై ఓట్లతో ఓడిపోయారు. నాకు మాత్రం ఉద్యోగం నిలిచింది, పేరు నిలిచింది. ఆ కృతజ్ఞత చెప్పకుండా మీ మీద పేజీ రాయలేను. మీరు ఆ మాట అనలేదనీ, తప్పు నాదనీ సవరణ వేస్తాను. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. మీ అనుమతి కావాలి. శనివారం నాలుగింటికి పేజీ మూసేస్తారు.

మీ చెల్లెలు,
నీరజ


ఉప్పల్,
గురువారం.

చెల్లె నీరజకు పాండురంగ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సవరణ వెయ్యి. కానీ నువ్వు రాయబోయే సవరణ సగమే. అది అచ్చయితే నేను ఉన్నదానికంటే పెద్దవాణ్ని అయిపోతాను.

కేకల వల్ల నేను ఆ పేరా వదిలేశానని నువ్వు అనుకుంటున్నావు. రామ్మోహనరావు గారు లేవకముందే ఆ కాగితం మడిచేశాను. నువ్వు గమనించి ఉండవు. ఆరున్నరకు పార్టీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, గా కంపెనీ ముచ్చట ఎత్తకు, టికెట్ కష్టమైతది" అన్నారు. నాకు భయం వేసింది. ఇరవై ఏళ్లు యూనియన్‌లో పనిచేసిన మనిషిని, ఆ ఒక్క పేరా చదవలేకపోయాను.

పొద్దున పేపరు చూడగానే ఖండన ఇవ్వడానికే నీకు ఫోన్ కలపబోయాను. ఇంతలో ఆ కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే సాలమ్మ వచ్చింది. ఆమె చేతిలో అదే పేపరు. "సదువు రాకపోయినా నీ ఫొటో సూసి కొన్న అన్నా. మా బిడ్డతోని సదివించుకున్న. మా దిక్కు గూడ మాట్లాడెటోడు ఒకడున్నడని రాత్రి డ్యూటీ దిగినోళ్లందరికి జెప్పొచ్చిన" అంది. ఆమె ముందు నిలబడి నేను అనలేదని ఎట్లా చెప్పను? ఫోన్ జేబులో పెట్టుకున్నాను. అప్పుడే గేటు బయట వాళ్లు అరవడం మొదలుపెట్టారు.

కాబట్టి నేను నిన్ను కాపాడలేదు చెల్లె. రాసి కూడా నోటితో అనలేకపోయిన మాటను నువ్వు అచ్చు వేస్తే, దాని వెనక నిలబడ్డాను. నువ్వు ఆ రోజు డెస్కుకు ఫోన్ చేసి ఉంటే, ఆ మాట నేను జన్మలో అనేవాణ్ని కాదు. అన్నాక వెనక్కి పోలేదు. ఓడినా ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఏడో నెలలో యంత్రం బిగించారు. మూడు వందల మందిలో ఒక్కరి పనీ పోలేదు. వాసన తగ్గింది. తర్వాతి ఎన్నికల్లో అవే కాలనీలు ఓట్లు వేశాయి. ఇదంతా నీ తప్పు వల్లే జరిగింది. అట్లాగని నీ తప్పు ఒప్పు అయిపోదు. అది నీకే బాగా తెలుసు.

నీ తప్పు రాయి. నా భయం కూడా రాయి. రెండూ రాయకపోతే నా అనుమతి లేదు.

నీ అన్న,
పాండురంగ


నాచారం,
శనివారం.

అన్నా,

ఈ రోజు నాలుగింటికి పేజీ మూసేశారు. మీరు చెప్పినట్టు రెండూ ఉన్నాయి. మీ ఉత్తరంలోని వాక్యాలు మీ మాటల్లోనే వేశాను, ఒక్క విశేషణం కలపలేదు. సుధీంద్ర గారు చదివి, "ఇది లేకుండా కూడా పేజీ బాగుంటుంది, నీరజా" అన్నారు. ఇది లేకపోతే పేజీ వద్దన్నాను. సంతకం పెట్టి పంపించారు.

మీ ఉత్తరం అందేదాకా, తొమ్మిదేళ్లుగా ఒకరి దయ మీద బతుకుతున్నాననుకున్నాను. ఇప్పుడు అలా లేదు. అయినా మీకు కృతజ్ఞత చెప్పాలనే ఉంది. అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ.

సోమవారం పదకొండింటికి యాజమాన్యం ముందు హాజరై వివరణ ఇవ్వమని కాగితం వచ్చింది. ఏం తేలుస్తారో తెలియదు. ఇందాక మీ ఇంటి నుంచి దుర్గాభవాని వదిన ఫోన్ చేశారు. సంగతి చెబితే, "నౌకరి ఉన్నా పోయినా ఆకలైతే ఐతదిగ. ఆణ్నుంచి సీదా ఇంటికి రా, ఒంటిగంటకు అన్నం పెడత" అన్నారు.

సోమవారం ఒంటిగంటకు వస్తున్నాను.

నీరజ