వెనక గేటు, ఐదో చెయ్యి

ఆసుపత్రి నడిపే ట్రస్టు గారికి, వెనక వీధి చివరింటి ముసలామె నమస్కారం పెట్టి రాయించేది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా వీధి జిరాక్సు షాపు ఆవిడ. చేతిరాత ఆవిడది, కోపం నాది. కలిపేసుకోకండి.

మా ఆయనకి కిడ్నీలు రెండూ పని మానేశాయి. వారానికి మూడుసార్లు మీ దగ్గర మిషను మీద రక్తం కడుగుతారు. కడిగే పిల్లలు బంగారాలు, వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. మా గుమ్మం దిగితే ఎదురుగా మీ వెనక గేటు. అందులోంచి వెళ్తే వంటగది, బట్టలుతికే గది, ఆ పక్కనే మిషన్ల గది. ఆయన నా భుజం పట్టుకుని నెమ్మదిగా వెళ్లిపోయేవాడు. పోయిన వారం ఆ గేటుకి తాళం పడింది. ఇప్పుడు వీధంతా నడిచి, పెద్దరోడ్డు ఎక్కి, ముందు గేటులోంచి దూరి, లోపల మళ్లీ అంతదూరం వెనక్కి రావాలి. సగం దారిలో రంగుల షాపు మెట్లమీద కూలబడిపోతున్నాడు. షాపువాడు మొదటిరోజు కుర్చీ వేశాడు. రెండోరోజు ఏ రంగు కావాలని అడిగాడు.

తాళం ఎవరు వేశారు? ఏ అధికారంతో వేశారు? మీరు తీస్తారా, నన్ను తీయించమంటారా?

ఇట్లు,
చివరింటి ముసలామె (వేలిముద్ర)

తా.క. వాచ్‌మన్‌ని అడిగితే "పైనుంచి ఆర్డరు" అన్నాడు. తలెత్తి చూశాను. నీళ్ల ట్యాంకు కనిపించింది.

---

చివరింటి అమ్మగారికి, ట్రస్టు కార్యదర్శి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. ఏ అధికారంతో అని అడిగారు కనుక వివరిస్తున్నాను.

మన ఆసుపత్రి ట్రస్టు చట్టం ద్వారా ఏర్పడినది. చట్టం దృష్టిలో అది ఒక వ్యక్తి. అది తన పేరిట ఆస్తి కొనవచ్చు, అమ్మవచ్చు. ఎవరిమీదనైనా దావా వేయవచ్చు, ఎవరైనా దానిమీద వేయవచ్చు. దానికి సొంత ముద్ర ఉంది. సభ్యులు మారినా, మరణించినా ట్రస్టుకు మరణం లేదు. ఆవరణలో దారులు తెరిచే, మూసే అధికారం కూడా దానిదే. వెనక గేటు దగ్గర కార్లు నిలిపే స్థలం కట్టాలన్న ప్రతిపాదన ఉన్నందున దానిని తాత్కాలికంగా మూయించడమైనది. అసౌకర్యానికి చింతిస్తున్నాము.

ఇకముందు ఉత్తరాలు ట్రస్టు పేర కాక కార్యదర్శి పేర పంపగలరు.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క. వాచ్‌మన్‌కు తాళం వేసే విధి మాత్రమే ఉంది. తిట్లు తినే విధి లేదు. గమనించగలరు.

---

కార్యదర్శి నాయనకి, చివరింటి ముసలామె దీవించి రాయించేది.

మీ ఉత్తరం జిరాక్సు ఆవిడ రెండుసార్లు చదివి వినిపించింది. ట్రస్టు ఒక మనిషని మీరు చెప్పేదాకా నాకు తెలీదు. ఇన్నాళ్లూ అదేదో ఆఫీసనుకున్నాను. మనిషే అయితే మరీ మంచిది. ఒక్కసారి మా ఇంటికి పంపండి. మా ఆయన పక్కన నడిచి, చుట్టూ తిరిగి లోపలికొచ్చి, అప్పుడు తాళం ఉంచాలో తీయాలో చెప్పమనండి. మనిషన్నవాడికి మోకాళ్లుంటాయి కదా.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆయనకి చావు లేదని రాశారు. చావు లేనివాడి చేతిలో ఆసుపత్రి ఎవరు పెట్టారు నాయనా? ఆయనకేం తెలుస్తుంది మా బాధ? ఆస్తులు కొంటాడట, అమ్ముతాడట, జనం మీద దావాలు వేస్తాడట. ఇలాంటివాడు మా వీధిలో ఒకడున్నాడు. వాడి గుమ్మం ఎవరూ తొక్కరు.

ఆయనకి పైన పెద్ద దిక్కెవరైనా ఉన్నారా? అది కూడా తెలియజెయ్యండి.

ఇట్లు,
చివరింటి ముసలామె (వేలిముద్ర)

తా.క. ఆయనకి పెళ్లయిందా? అయితే ఆవిడతో మాట్లాడిస్తే చాలు. పని తొందరగా తెములుతుంది.

---

చివరింటి అమ్మగారికి, కార్యదర్శి వ్రాయునది.

ట్రస్టును మీ ఇంటికి పంపడం సాధ్యం కాదు. దానికి శరీరం లేదు. మోకాళ్లు లేవు. వివాహం కాలేదు, కాబోదు.

ట్రస్టు తరఫున నిర్ణయాలు పాలకమండలి తీసుకుంటుంది. పాలకమండలిపై ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఉంది. ట్రస్టు తన అధికారాలను నిబంధనల ప్రకారం వాడుతున్నదా లేదా అని ఆ సంస్థ చూస్తుంది. మీరు అడిగిన పెద్ద దిక్కు అదే.

పాలకమండలి సమావేశాలకు ప్రజలెవరైనా రావచ్చు. గేటు విషయం వచ్చే బుధవారం సమావేశంలో చర్చకు వస్తున్నది. గోడవారన ప్రజల కోసం కుర్చీలుంటాయి. వచ్చి కూర్చోవచ్చు. అనుమతి లేనిదే మాట్లాడరాదు. మాట్లాడదలచినవారు చెయ్యి ఎత్తవలెను.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచి ప్రజల నుంచి ఎవరూ రాలేదు. కాబట్టి కుర్చీల గురించి దిగులు అక్కర్లేదు.

---

కార్యదర్శి నాయనకి, చివరింటి ముసలామె రాయించేది.

వచ్చాను. చూశావుగా. కాగితంలోంచి తలెత్తి ఉంటే చూసే ఉంటావు.

గోడవారన కుర్చీలున్నాయన్నావు. ఉన్నాయి, మడతపెట్టి. ఒకటి విప్పబోతే నా వేలు నలిగింది. బల్ల దగ్గర మాత్రం చేతులున్న పెద్ద కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. నాకసలే మోకాళ్ల నొప్పులు, అందులో కూర్చున్నాను. ఎవరూ లేవమనలేదు. అందరితోపాటు నాకూ టీ ఇచ్చారు. ముందు ఒక కాగితం కూడా పెట్టారు. అందరూ దాన్ని చూస్తుంటే నేనూ చూశాను, తలకిందులుగా ఉందని పక్కాయన తిప్పి పెట్టాడు. మర్యాదస్తుడు.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. నోరెత్తలేదు. ఆ మధ్య కూర్చున్న అధ్యక్షుడు ఏదో చదివి అందరి వంకా చూసినప్పుడల్లా చెయ్యి ఎత్తాను. నాలుగుసార్లు ఎత్తాను. ఒక్కసారైనా "చెప్పమ్మా" అన్నాడా? లెక్కపెట్టుకుని, తల ఊపి, పక్క కాగితం తీసుకుంటాడు. నన్నొక్కదాన్నే కాదు, నాతోపాటు ఇంకో నలుగురు ఎత్తారు. పాపం వాళ్లకీ ఏం బాధలున్నాయో, వాళ్లనీ మాట్లాడనివ్వలేదు. మిగిలిన నలుగురూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్లకి ఏ కష్టమూ ఉన్నట్టు లేదు. చివరిసారి ఒళ్లు మండి రెండు చేతులూ ఎత్తాను. అప్పుడు నువ్వొక్కడివే నావంక చూసి నవ్వావు. ఎందుకు నవ్వావు?

ఇంతకీ గేటు సంగతి ఎప్పుడు మాట్లాడతారు? నేనున్నంతసేపూ ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. ఆవరణ, అభివృద్ధి, అంశం అంటూ ఏవేవో చదువుకున్నారు.

ఇట్లు,
చివరింటి ముసలామె (వేలిముద్ర)

తా.క. ఆ టీ పెట్టినవాడిని ఒకసారి మీ డాక్టరుకి చూపించండి. అంత చక్కెర వేసేవాడికి నాలుక పోయి ఉంటుంది.

---

గౌరవ సభ్యురాలు గారికి, కార్యదర్శి వ్రాయునది.

సంబోధన చూసి మీరు ఆశ్చర్యపోవచ్చు. నేను నిన్నంతా ఆశ్చర్యపోయాను.

మీరు కూర్చున్నది పాలకమండలిలో ప్రజల తరఫు సభ్యుడి కుర్చీ. అది చాలాకాలంగా ఖాళీ. అధ్యక్షులవారు క్రొత్తవారు. మిమ్మల్ని ఆ సభ్యురాలిగా భావించారు. మా గుమాస్తా అధ్యక్షులవారిని అడగడానికి మొహమాటపడి, అలాగే నమోదు చేశాడు. చివరి అంశం దాకా నేను కాగితంలోంచి తల ఎత్తని మాట నిజం.

సమావేశంలో చెయ్యి ఎత్తడం మాట్లాడడానికి కాదు, ఔననడానికి. ప్రజలకు నేను రాసిన నియమం వేరు, సభ్యుల నియమం వేరు. ఈ తేడా మీకు రాయకపోవడం నా పొరపాటు.

"ఆవరణ అభివృద్ధి అంశం" అంటే వెనక గేటును శాశ్వతంగా మూసి గోడ కట్టడం. దానికి నలుగురు ఔనన్నారు, నలుగురు కాదన్నారు. ఐదో చెయ్యి మీది. మీ ఒక్క ఓటుతో తీర్మానం నెగ్గింది. అధ్యక్షులవారు సంతకం చేశారు. సంతకమైన తీర్మానాన్ని మార్చే అధికారం నాకు లేదు. తాను ఓటు వేసిన నిర్ణయంపై సభ్యులు ఫిర్యాదు చేయడానికి నిబంధనల్లో వీలు కూడా లేదు. సోమవారం ఇటుకలు దిగుతాయి.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క. నవ్వు గురించి అడిగారు. అది వేరే అంశం. సమయం వచ్చినప్పుడు తెలియజేస్తాను.

---

కార్యదర్శికి, చివరింటి ముసలామె రాయించేది.

ఈసారి దీవెనలు లేవు. ఉత్తరం చదివి వినిపించాక జిరాక్సు ఆవిడ గ్లాసెడు మంచినీళ్లిచ్చింది. నేను తాగలేదు. నీకివ్వమన్నాను.

నా మొగుడి దారికి నా చేత్తోనే గోడ కట్టించారన్నమాట! ఎంత చక్కటి ట్రస్టయ్యా మీది!

నాకు ఒక్క ముక్క చెప్పు. నేను సభ్యురాలినా, కాదా? అవునంటే వచ్చే సమావేశానికి వస్తాను. అదే కుర్చీ, అదే చెయ్యి. ఈసారి గేటు తెరవడానికి ఎత్తుతాను. దాంతో ఆగుతానా? ప్రతిదానికీ ఎత్తుతాను, ప్రతిదానికీ ముడుస్తాను, మీ అధ్యక్షుడికి దేనికి సంతకం చెయ్యాలో తెలియకుండా చేస్తాను. కాదంటే, నాది కాని కుర్చీలోంచి ఎత్తిన చెయ్యి ఎలా లెక్కపెట్టారు? ఆ చెయ్యి తీసెయ్యండి. తీసేస్తే నలుగురికి నలుగురు. అప్పుడు గోడ ఎవరి మాట మీద కడతారు? మీ చావులేనాయన మాట మీదా?

మొన్న శనివారం మా ఆయన మంచం దిగలేదు. "ఈ పూట వద్దులేవే, అంత దూరం నావల్ల కాదు" అన్నాడు. ఆదివారానికి కాళ్లు ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే సొట్ట పడి, అలాగే ఉండిపోయింది. రాత్రంతా దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు, పడుకుంటే ఊపిరి ఆడక. ఇంకో పూట మానేస్తే ప్రాణం మీదికొస్తుందని మిషను పిల్లలు చెప్పారు.

ఈ ఉత్తరమే ఆ నియంత్రణ సంస్థకి కూడా పంపించాను. రెండింటిమీదా నా వేలిముద్ర ఒక్కటే. అక్కడ కూడా సంతకమైంది మార్చకూడదంటారేమో చూస్తాను.

చివరింటి ముసలామె (వేలిముద్ర)

తా.క. రాసినామె మాట: అమ్మగారు చెప్పినవాటిలో మూడు వాక్యాలు నేను రాయలేదు. కావాలంటే షాపుకి వచ్చి వినవచ్చు. ఆవిడకి కంఠతా వచ్చు.

---

చివరింటి అమ్మగారికి వ్రాయునది.

మీ ఉత్తరం అందగానే నియంత్రణ సంస్థ నన్ను ఒకే ప్రశ్న వేసింది: ఐదో చెయ్యి ఎవరిది? అధ్యక్షులవారు సంతకం చేశారని, తర్వాతి సంగతి నాకు తెలియదని రాయవచ్చు. అలా రాస్తే విషయం అక్కడితో ముగుస్తుందని గుమాస్తా సలహా ఇచ్చాడు. నేను మీ ఇంటి చిరునామా రాశాను. ఆ కుర్చీలో ఎలా కూర్చున్నారో, చెయ్యి ఎందుకెత్తారో కూడా రాశాను.

నిర్ణయం వచ్చింది. మీరు సభ్యురాలు కాదు. ఖాళీ కుర్చీని నింపే అధికారం పాలకమండలికి లేదు, కూర్చున్నవారికి అసలే లేదు. వీధివాసులు, రోగుల బంధువులు కలిసి ఎన్నుకోవాలి. కాబట్టి ఆ రోజు మీ చేతితో నెగ్గిన నాలుగు అంశాలూ చెల్లవు. వెనక గేటు తాళం రేపు ఉదయం మొదటి షిఫ్టుకు ముందే తీస్తారు. ఇటుకలు వెనక్కి వెళ్లాయి.

మిగిలిన మూడు ఏమిటంటారా? మొదటిది కార్ల స్థలం. రెండోది వంటగదికి కొత్త పొయ్యి. చివరిది నా ఉద్యోగం ఇంకో రెండేళ్లు పొడిగించడం. అది కూడా నలుగురికి నలుగురైంది. మీరు గెలిపించారు. రెండు చేతులూ ఎత్తి మరీ గెలిపించారు. అందుకే నవ్వాను.

ఆ పొడిగింపు ఇప్పుడు లేదు. ఈ సాయంత్రంతో నా ఉద్యోగం ముగిసింది. ఇది నేను ట్రస్టు కాగితం మీద రాస్తున్న ఆఖరి ఉత్తరం.

అయ్యగారిని రేపటి మిషనుకు తప్పకుండా తీసుకురండి. వాళ్లకు ముందే చెప్పి ఉంచాను.

భవదీయుడు

తా.క. సంతకం కింద ఏ హోదా రాయాలో తోచక ఖాళీ వదిలాను.

---

కొత్త కార్యదర్శి గారు ఎవరైతే వారికి, వెనక వీధి చివరింటి ముసలామె దీవించి రాయించేది.

గేటు తీశారు. మా ఆయన నా భుజం పట్టుకుని వెళ్లాడు. మధ్యలో ఒక్కచోట ఆగాడు, అదీ అలిసిపోయి కాదు, వంటగదిలో ఏం వండుతున్నారో చూద్దామని. ఒంట్లోంచి నీళ్లు బాగా తీశారట. సాయంత్రానికి చెప్పులు పట్టాయి. రాత్రి పడుకుని నిద్రపోయాడు.

మీ మిషన్ల గదికి ఈ దారిలో ఇంకా చాలామంది వస్తున్నారు. ఇంతమందని నాకు తెలీదు, తాళం తీశాక చూశాను. ఆ వచ్చేవాళ్ల మధ్య ఒకాయన గేటు అవతల నిలబడి "అమ్మా, కళ్ల డాక్టరు దగ్గరికి ఇటునుంచి వెళ్లొచ్చా?" అని నన్ను అడిగాడు. ఎక్కడో చూసిన మొహం. తీరా చూస్తే మీ పాత కార్యదర్శి! గేటు మూయించినవాడికి గేటు ఎక్కడుందో తెలీదు. అప్పుడే మొదటిసారి చూశాడట. కడిగిపారేశాను. విన్నాడు. తర్వాత కళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. బయటికొచ్చాక మా అరుగు మీద కూర్చుని టీ తాగాడు. చక్కెర తక్కువ వేశాను.

ఇక అసలు సంగతి. ప్రజల తరఫు కుర్చీకి మనిషిని ఎన్నుకోమని మీరు గేటుకి కాగితం అంటించారు. వీధి వీధంతా నన్నే కూర్చోమంది. నేనొకసారి కూర్చుంటే ఏమైందో అందరం చూశాం. నాకు వద్దన్నాను. నిన్న మిషన్ల గది బయట బెంచీల మీద అందరం కూడి ఒక మనిషిని ఎన్నుకున్నాం. మీ పాత కార్యదర్శినే. మీ నిబంధనలన్నీ ఆయనకి తెలుసు, వాటితో ఎవరిని ఎక్కడ ఇరికించవచ్చో కూడా తెలుసు. మొండిఘటం. కానీ తన కూడు పోతుందని తెలిసీ అబద్ధం రాయలేదు. ఆయన జనం ఎలా అవుతాడని మీ గుమాస్తా అడిగాడట. ట్రస్టులో ఉద్యోగం లేదు, కంట్లో శుక్లం ఉంది, లైన్లో నిలబడ్డాడు. ఇంకేం కావాలి?

ఇట్లు,
చివరింటి ముసలామె (వేలిముద్ర)

తా.క. రాసినవాడి మాట: జిరాక్సు షాపు ఇవాళ సెలవు. అందువల్ల పై ఉత్తరం అమ్మగారు చెప్పగా నేను రాశాను. "మొండిఘటం" అన్న మాట తీసేద్దామన్నాను. తీస్తే వేలిముద్ర వెయ్యనన్నారు. సభ్యుడిగా నా మొదటి ప్రతిపాదన ఇందుతో జతపరుస్తున్నాను: గోడవారన కుర్చీలు విప్పి వేయవలెను.