నూట పదిహేడు మైళ్ళ షాట్

కివిలాంపి,
12 ఫిబ్రవరి 2019, మంగళవారం.

చిరంజీవి ఐలీకి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నా రెండు మోకాళ్ళూ, వంటింటి పొయ్యీ ఇంకా పనిచేస్తున్నాం కనక క్షేమమనే రాయాలి. మీ అమ్మ ఆదివారం వచ్చి మెట్ల మీద మంచు ఎత్తిపోసి, నా ఫ్రిజ్ సర్ది, ఏ డబ్బా ఎక్కడుందో నాకు తెలియకుండా చేసి వెళ్ళింది. నువ్వు మాత్రం అక్కడ క్షేమంగా లేవు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు.

ఇరవై మూడో తారీఖు శనివారం మీ ఐస్ హాకీ జట్టంతా పాతకాలపు యూనిఫాంలో ఆడుతుందని, తాతయ్య జట్టు రంగులు సరిగ్గా కావాలని రాశావు. మీ తాతయ్య జెర్సీ ముదురు మెరూన్, ఉన్నిది. ఛాతీకి అడ్డంగా తెల్ల పట్టీ, దాని మధ్య గని దీపం బొమ్మ, వీపున ఒకటో నంబరు. మోచేతుల దగ్గర నేను అల్లి పూడ్చిన చోట రంగు కొంచెం తేడా. నీ దగ్గరున్న ఫొటోలో అది కనిపించదు. గోల్‌కీపర్ కనక కాళ్ళకి కట్టుకునే ప్యాడ్లు గోధుమరంగువి. ఎంత అందమో అన్నావు. అది అందం కోసం కాదు, గుర్రపు తోలు రంగే అంత. లోపల జింక వెంట్రుకలు కూరేవారు. ఆట చివరికి తడి పీల్చుకుని ఒక్కొక్కటీ పసిపిల్లంత బరువయ్యేది. మీ తెల్ల ప్యాడ్లు మంచులోనూ వలలోనూ కలిసిపోయి, కొట్టేవాడికి ఖాళీ ఎక్కడుందో తెలియనివ్వవు. ఆ తెలివి అప్పుడెవరికీ లేదు.

నీ మాస్కు వెనక 117 అని రంగులో రాయించుకుంటానన్నావు. తాతయ్య కంటికి తగిలిన ఆ షాట్ నిజంగా గంటకి నూట పదిహేడు మైళ్ళేనా అని మీ జట్టు పిల్లలు నవ్వుతున్నారనీ, ఈ కాలపు కర్రలతో, రాడార్ పెట్టి కొలిచినా అంత రావడం లేదంటున్నారనీ రాశావు. దానికి జవాబు ఒక్క మాటలో వచ్చేది కాదు.

గాస్తోన్ తిబో పోయాడు. జనవరి చివర్లో. ఆ షాట్ కొట్టినవాడు, అవతలి గని జట్టువాడు. అంత్యక్రియలకి వెళ్ళాను. శవపేటిక మీద పూలతో 117 అని ఆయన కొడుకు పెట్టించాడు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. నేను కళ్ళు తిప్పుకున్నాను. యాభై ఆరేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కీ ఆయన మాంసం కూరిన రొట్టె ఒకటి చేసి మా గుమ్మంలోకి తెచ్చేవాడు. టోపీ తీసి, లోపలికి రాకుండా నిలబడి, "అక్కా, నా చెయ్యి అంత పాపిష్టి చెయ్యి కాకపోయుంటే బావకి కన్నుండేది" అనేవాడు. ఆ షాట్ తర్వాత మళ్ళీ గట్టిగా కొట్టడానికి చెయ్యి లేవలేదు ఆయనకి. ఇరవై ఆరో ఏట ఆట మానేశాడు. నేను ఆ రొట్టె తీసుకుని, పళ్ళెం కడిగి తిరిగి పంపేదాన్ని.

ఇప్పుడు నీ సంగతి. నువ్వెప్పుడూ ఫోనులో రెండు ముక్కలు పంపే పిల్లవి. ఈసారి నాలుగు పేజీలు చేత్తో రాశావు. ఫోను వెలుతురు చూస్తే కళ్ళు లాగుతున్నాయి కనక అని మధ్యలో నువ్వే ఒప్పుకున్నావు. ప్రాక్టీసులో ఆట రబ్బరు బిళ్ళ మాస్కు మీద తగిలి పది రోజులైంది, కాస్త తల తిరుగుతోంది, అంతే అన్నావు. చివరి పేజీలో గీతల మీద ఒక్క వరస నిలవలేదు. ఆ పైన, "అమ్మకి చెప్పొద్దు అమ్మమ్మా. తాతయ్య నూట పదిహేడు తట్టుకుని, కుట్లు వేయించుకుని మళ్ళీ దిగాడు. నాది అందులో సగం కూడా లేదు" అని రాశావు.

అందుకే ఇది రాస్తున్నాను. ఊరికి తెలిసింది నీకూ తెలుసు. తెలియనిది విను.

1963లో మొదటి మాస్కులు అప్పుడప్పుడే వస్తున్నాయి. మీ తాతయ్యకీ ఒకటి చేసుకోవాలనిపించింది. వంటింటి బల్ల మీద పడుకోబెట్టి, ముక్కులో రెండు గొట్టాలు పెట్టి, ముఖమంతా వాజలిన్ పూసి, నేనే పిండికట్టు అద్దాను. పడవలు బాగుచేసే ఆయన ఆ అచ్చు మీద ఫైబర్‌గ్లాస్ పోసి ఇచ్చాడు. తెల్లగా, రెండు కన్నాలతో ఉండేది. ఆట ఆడే మంచు రింకులో అది చూసి, "ఏరా రైనో, మీ ఆవిడ మూకుడు ఎత్తుకొచ్చావా" అని ఒకటే నవ్వు. నేను బడిలో లెక్కల టీచర్ని, రింకులో స్కోరు రాసేదాన్ని. మర్నాడు నా తరగతి పిల్లలే నల్లబల్ల మీద ఆ మూకుడు బొమ్మ వేశారు. ఇంటికొచ్చి ఆయనతో అన్నాను: "నువ్వది పెట్టుకుని దిగితే నేను స్కోరు బల్ల దగ్గర కూర్చోను. పిరికివాడి పెళ్ళాన్ని అనిపించుకోవడం నా వల్ల కాదు." ఆయన దాన్ని సంచీ అడుక్కి తోసేశాడు.

పద్నాలుగు రోజుల తర్వాత, జనవరి ఇరవై ఆరున, గాస్తోన్ కొట్టిన బిళ్ళ ఆయన ఎడమ కంటి కింద తగిలింది.

అప్పట్లో జట్టుకి ఒక్కడే గోల్‌కీపర్. వాడికి దెబ్బ తగిలితే ఆట ఆగిపోయేది. కుట్లు వేసేదాకా జనం కాఫీ తాగుతూ కూర్చునేవారు. నేను లోపలికి వెళ్ళేసరికి డాక్టరు పదకొండో కుట్టు వేస్తున్నాడు. ముఖం మీద తువ్వాలుతో పడుకుని, నా అడుగు గుర్తుపట్టి, "సైమా, ఇంకా ఎంతుందే?" అన్నాడు.

నేను చేతిలోని ఆట గడియారం చూశాను. "ముప్పై ఒక్క నిమిషాల పదిహేను సెకన్లు" అన్నాను.

లేచి కూర్చున్నాడు. పడుకోమని చెప్పవలసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆయన అడిగింది ఆటలో మిగిలిన సమయం కాదు, ఆ బాధ ఇంకెంతసేపని అడిగాడేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు తెలిసింది అంకె ఒక్కటే. తిరిగి దిగాక మూడు గోల్స్ పడ్డాయి, మూడూ ఆయన ఎడమవైపు నుంచే. ఆ మూడూ నా చేత్తోనే రాశాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కన్ను పోయింది. అదొక్కటే అయితే భరించేవాళ్ళం. ఆ తలతో అరగంట పైన పరిగెత్తి, పడి, లేచిన దానికి తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు చెల్లించాడు. వెలుతురు గిట్టక దీపం లేని సానా ఆవిరిగదిలో గంటలు గంటలు కూర్చునేవాడు. మీ అమ్మ పేరు మరిచిపోయి "పిల్లా" అని పిలిచేవాడు. ముద్దుకే అలా పిలిచేవాడని అది ఇప్పటికీ అనుకుంటుంది.

ఇక ఆ అంకె. గని ఆఫీసు గుమస్తా ఆ ఆటని సినిమా కెమెరాతో తీశాడు. మూడు వారాలకి రీలు కడిగి వచ్చింది. ఎంత వేగమో లెక్క కట్టమని క్లబ్బువాళ్ళు నాకిచ్చారు. దూరం యాభై అడుగులు, సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. మధ్యాహ్నం బడి కిటికీకి రీలు పట్టుకుని, కర్ర తగిలిన దగ్గర్నుంచి ముఖం దాకా లెక్కపెట్టాను. పది బొమ్మలు. మూడుసార్లు లెక్కపెట్టినా పదే. అంటే గంటకి ఎనభై రెండు మైళ్ళు. అంత వేగానికి ఆ మాస్కు పగిలినా కన్ను దక్కేది. కాగితం మీద ఏడు అని రాశాను. ఏడైతే నూట పదిహేడు. ఏ మాస్కూ ఆపలేని వేగం.

పత్రికలో వేశారు, రింకు గోడ మీద పెయింట్ చేశారు. మీ తాతయ్య అది విని, ఒంటి కన్నుతో నన్ను చూసి, "నూట పదిహేడంటే ఏ మాస్కు ఆపుతుందే. నువ్వన్న మాటకీ దీనికీ సంబంధం లేదు, ఏడవకు" అన్నాడు. నా అబద్ధంతో నన్నే ఓదార్చాడు. నేను ఊరుకున్నాను. గాస్తోన్ విషయంలోనూ అలాగే ఊరుకున్నాను. వాళ్ళబ్బాయికి రాయాలి. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. ఈ పొద్దున తొమ్మిదింటికి మీ విశ్వవిద్యాలయానికి ఫోను చేసి మీ జట్టు డాక్టరమ్మతో మాట్లాడాను. నువ్వు రాసింది రాసినట్టు చదివి వినిపించాను. ఆ తర్వాత మీ అమ్మకి చెప్పాను. అది ఈపాటికి బస్సులో ఉంటుంది.

ఈ కాగితం నీ చేతికి అందేసరికి నిన్ను పక్కన కూర్చోబెట్టేసి ఉంటారు. ఆ ఇరవై మూడున గోల్ దగ్గర నీ చోట ఇంకో అమ్మాయి నిలబడుతుంది. ఈ ఏడాది మళ్ళీ ఆడనిస్తారా అని అడిగాను. మాట ఇవ్వలేనంది ఆవిడ. నాలుగేళ్ళు నువ్వు ఎంత కష్టపడి ఆ చోటు సంపాదించావో నాకు తెలుసు. తెలిసే చేశాను. నమ్మకంతో చెప్పిన రహస్యాన్ని బయటపెట్టానని నువ్వంటే, అవును, పెట్టాను.

నా మీద కోపం తెచ్చుకో. మీ తాతయ్యకి నా మీద కోపం రావలసిన సంగతి ఆయన బతికుండగా చెప్పలేకపోయాను, ఆయన కోపం నేను చూడలేదు. నీది చూస్తాను.

ఇట్లు,
మీ అమ్మని కన్నది, నీ అమ్మమ్మ,
సైమా.