వెనక లిఫ్టు సర్వే

జూన్ 9, సోమవారం

మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు ఓబులేసు గారు అన్నట్టు అది "చిన్న ప్రశ్న" కాదు. "అందరి భద్రత, శుభ్రత కోసం పనివాళ్లు వెనక లిఫ్టే వాడాలని మీరూ ఒప్పుకుంటారు కదా?" — అసలు ప్రశ్నే కాదది, సంతకం పెట్టాల్సిన చోటు చూపించడం. ఆయనకి ఆ మాటే చెప్పాను.

"అట్లయితే మీరే రాయండి మేడమ్, కాలేజీలో సోషియాలజీ చెప్పినోరు కదా."

నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూనే ఒప్పుకున్నా. సర్వీసంతా పరిశోధనా పద్ధతులు బోధించి, చివరికి నార్సింగిలో ఒక లిఫ్టు దగ్గర తేలాను.

జూన్ 10

రాసిచ్చాను. "పనివాళ్లు ఏ లిఫ్టు వాడాలి? ముందుది — వెనకది — ఏదైనా." ఎటూ తోయని ప్రశ్న. ఇంటికో చీటీ, పేరుండదు, ఫ్లాటు నంబరుండదు. క్లబ్‌హౌస్‌లో తాళం వేసిన పెట్టె. ఏది ఎక్కువ పడితే అదే వచ్చే సోమవారం నుంచి రూలు.

వెనక లిఫ్టంటే చెత్త డబ్బాలు, సిలిండర్లు ఎక్కేది. ఎక్కడం కంటే ఆగడం ఎక్కువ. మాది పదకొండో అంతస్తు. మా వంట సత్తెమ్మకి మోకాలి చిప్ప అరిగింది. "మెట్లెక్కుడు బందు వెట్టమన్నరు పెద్దమ్మా, దవాఖానల."

జూన్ 12

పొద్దుటి నడకలో నలుగుర్ని కదిపి చూశాను. అందరిదీ ఒకటే పాట.

"ఛీ ఛీ, ఏ కాలంలో ఉన్నామండీ ఆంటీ!"

"మేమైతే మా పనమ్మాయిని ఫ్యామిలీలాగే చూస్తామండి."

ఫ్యామిలీ అట. ఆ ఫ్యామిలీ టీ తాగే గ్లాసు మాత్రం వాష్ ఏరియాలో విడిగా బోర్లించి ఉంటుంది.

అయినా మనసు తేలికపడింది. సత్తెమ్మతో అనేశాను — ఫికరు పెట్టుకోకు అని. నా నోరు ఆగదు కదా...

జూన్ 14, శనివారం

పెట్టె తెరిచారు. వెనకది. వెనకది. ఏదైనా. వెనకది. వెనకది...

ఓబులేసు గారు ఒక్కో చీటీ చదివి నా వైపు తిప్పుతాడు, ఫెయిలైన పిల్లకి పేపరు చూపించినట్టు.

"ఏం మేడమ్, మా ప్రశ్న పక్షపాతమంటిరే. ఇప్పుడు సైంటిఫిక్‌గా వచ్చె కదా!"

లేచి వచ్చేశాను.

ఇంటికి రాగానే మనవరాలు: "అమ్మమ్మా, నీ సర్వే పాసా, ఫెయిలా?"

సర్వే పాసయింది, అన్నాను.

ఎదురుగా అడిగితే జనం తమకి నచ్చిన ముఖం చూపిస్తారు. చాటుగా, పేరు లేకుండా అడగండి, నిజం వస్తుంది. ఎన్ని బ్యాచీలకి చెప్పానో ఈ పాఠం. వచ్చింది నిజం. ఇన్నాళ్లూ సత్తెమ్మని ముందు లిఫ్టు ఎక్కనిచ్చింది వాళ్ల మంచితనం కాదు, సిగ్గు. ఆ సిగ్గుతో పని లేకుండా చేసి పెట్టింది నేను. ఎటూ తోయని ప్రశ్నతో.

జూన్ 15, ఆదివారం

ఇంటికో చీటీ. మా ఇంటిది నింపింది నా కూతురు నిర్మల.

నిన్నంతా తోచలేదు ఈ సంగతి. టిఫిన్ దగ్గర అడిగాను — నువ్వేం రాశావే?

తలెత్తలేదు. "సీక్రెట్ అన్నది నువ్వే కదమ్మా."

అల్లుడు ఫోన్లోకి ఇంకాస్త దూరాడు.

చర్చిలో నా పక్కనే నిలబడి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నేను కళ్లు తెరిచి దాన్నే చూస్తున్నా. కన్నదాన్నయినా ఏమీ తెలియలేదు.

జూన్ 16, సోమవారం

రూలుకి మొదటి రోజు. వెనక లిఫ్టు ఆగిపోయింది.

కిందికి దిగి, సత్తెమ్మని నాతో ముందు దాంట్లో రమ్మన్నాను. సెక్యూరిటీ అతను అడ్డం వచ్చి దణ్ణం పెట్టాడు. "నా నౌకరి పోతదమ్మా." సత్తెమ్మ మెట్ల వైపు తిరిగింది. నేను లిఫ్టులో వచ్చి గుమ్మంలో నిలబడ్డా. ఎంతసేపని...

వచ్చి, వంటింటి గోడకి ఆనుకుని కూలబడింది.

"ఫికరు లేదంటివి గద పెద్దమ్మా. మంచిగడిగినవ్, మంచిగనే చెప్పిన్రు." నవ్వింది కూడా. "ఇగ నాతోని కాదు. గ్రౌండ్ ఫ్లోరు ఇల్లేదన్న దొరికితె జర చూసుకుంట. అందాక వస్త."

ఆఫీసుకి బయల్దేరుతున్న నిర్మల బ్యాగు దించి మంచినీళ్లు తెచ్చిచ్చింది. మనం తాగే గ్లాసులోనే.

ప్రేమా? అపరాధమా? నేను చూస్తున్నానని ఇచ్చిందా? ఒక్క గ్లాసుతో ఏమీ తేల్చకూడదు. నేనే చెప్పేదాన్ని.

రేపు నిర్మలకి చెప్పాల్సింది — ఆఫీసు నుంచి వస్తూ మందుల షాపులో మోకాలి పట్టీ తీసుకురావాలి. కుడి కాలికి. సైజు నేను చెప్పను. పొద్దున్న సత్తెమ్మ పైకి రాగానే నిర్మలనే కింద కూర్చుని మోకాలి చుట్టుకొలత తీసుకోమనాలి. టేపు కుట్టు మిషను సొరుగులో ఉంది.