చెల్లెలు చెప్పిన ఆఖరి పాఠం

పెద్దోడా, నీ చెల్లెలు రాకెట్టెక్కిన రోజు సాగనంపడానికి నువ్వు రాలేదు, ఆ మంట నాకింకా ఆరలేదు. మేం బాగానే ఉన్నాం. అది పైన చిక్కుకుపోయి, చనిపోయే ముందు రికార్డు చేసి పంపిన ఆఖరి మాటల్ని నిన్న వాళ్ళ ఆఫీసువాళ్ళు నా తాళాల కొట్టుకొచ్చి వినిపించారు. మిగిలిన కాస్త ఊపిరితో వెనక వచ్చేవాళ్ళకు పాఠం చెప్పింది. "తిరిగొచ్చే ఓడ తలుపు గడియ చలికి బిగుసుకుంది. నేను తొందరపడి తిప్పి విరగ్గొట్టా. మీరు ఎండ తగలనిచ్చి తిప్పండి. నా గతి చూసి రావడం మాత్రం మానకండర్రా" అంది. మీ అమ్మ ఏడ్చింది. సెలవులకొచ్చిన నీ కూతురు మాత్రం "తాతా, ఎంతసేపు తగలాలి ఎండ?" అనడిగింది. దాన్ని ఆ రాకెట్ల చదువుకు పంపనన్నావట, నీ భయం దాని నెత్తిన రుద్దకు. అమ్మ మోకాళ్ళకు నూనె పంపు. కోడలి దగ్గు తగ్గిందా? మీకు నా దీవెనలు. పిల్లను పంపుతావో లేదో గురువారంలోగా జవాబు రాయి.