దీనమ్మ దిద్దిన తప్పు

రాజమండ్రి,
ఆదివారం, ఆరాధన అయ్యాక

సారికకు నాన్న దీవెనలు. ఇక్కడ క్షేమం. జంగారెడ్డిగూడెంలో నువ్వూ, అతనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మా రెండు ఫోన్లలోనూ నీ నంబరు బ్లాక్ చేసి రెండేళ్లయింది కదా, ఉత్తరమే గతి అయింది నీకు. ఎర్ర పెన్ను పట్టుకునే చదివాను. ముప్పయ్యేళ్లు కాలేజీలో తర్కం చెప్పిన చెయ్యి ఊరుకోదు. అక్షరదోషాలు నాలుగు. నువ్వు కట్టుకున్న దొరబాబుకి పామాయిల్ ఫ్యాక్టరీలో పర్మనెంట్ అయిందని రాశావు. నన్ను కాదని వెళ్లినదానివి సుఖంగా ఉన్నావంటే నాకు ఒళ్లు మండింది, దాచడం దేనికి? అమ్మ కళ్లజోడు మార్చుకుందా అని అడిగావు. మార్చుకోలేదు.

ఇక నీ వాదం. "అమ్మకి బాగోకపోతే మీరెంత కోపంలో ఉన్నా కబురు చేస్తారు. కబురు రాలేదు. కాబట్టి అమ్మ బాగానే ఉంది" అని రాశావు. దీన్ని మోడస్ టోలెన్స్ అంటారు. మొదటిది జరిగితే రెండోది జరిగి తీరాలి, రెండోది జరగలేదు, కాబట్టి మొదటిదీ జరగలేదు. భోజనాల దగ్గర నేనే నేర్పాను నీకు. రూపంలో తప్పు లేదు, పూర్తి మార్కులు వేశాను. కానీ ఆధారవాక్యం అబద్ధమైతే రూపం ఎంత చక్కగా ఉన్నా ముగింపును నమ్మడానికి లేదు.

నీ మొదటి వాక్యం అబద్ధం. మీ అమ్మ పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. రోజూ నిన్ను పిలవమనేది. "అది తప్పయిందని ఒప్పుకుంటే పిలుస్తానన్నాను. ఒప్పుకోలేదు. కాబట్టి పిలవను" అన్నాను. అయిదో తరగతి చదివిన మనిషి దీనమ్మ, మంచం మీంచి తల కూడా ఎత్తలేదు. "ఒప్పుకుంటే పిలుస్తానన్నారు గానీ, ఒప్పుకోకపోతే పిలవనని అన్లేదు కదండీ" అంది. నిజమే. ఫస్టియర్ పిల్లలు చేసే తప్పు అది. పక్కనున్న నర్సు నవ్వేసింది.

నిన్ను పిలవనిది నీ మీద కోపంతో కాదు సారికా. ఆ నవ్వుకి.

చర్చిలో వాళ్లకి కబురు పెట్టాననీ, నువ్వే రానన్నావనీ చెప్పాను. అందుకే ఒక్కరూ నీకు ఫోన్ చెయ్యలేదు. ఇప్పటికీ నిన్నే తిడుతున్నారు. మన ఆనవాయితీ ప్రకారం పెట్టె మూసే ముందు పాస్టరయ్యగారు, "ఇంకెవరన్నా రావాలా మేష్టారూ?" అని అడిగారు. "ఎవరూ లేరండి" అన్నాను. మూసేశారు.

పైన క్షేమమని రాసింది నా ఒక్కడి సంగతి.

పురిటికి అమ్మ దగ్గరికి రావచ్చా అని అడిగావు. రమ్మని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. రావద్దని మాత్రం అనలేదు. ఆ రెంటికీ తేడా ఉందని మీ అమ్మకి తెలుసు.

ఇట్లు,
మీ నాన్న,
విజయ్ పాల్